మందిర ద్వారం దగ్గర నిలిపివేసిన దశాబ్దం: 1960ల అమెరికా మన సంఘాలకు చెప్పేదేమిటి?

1960ల అమెరికా గురించి మన ప్రసంగాల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది. ఆ దేశం దేవుణ్ణి వదిలిపెట్టింది అప్పుడేనని, బడుల్లో ప్రార్థన ఆగిపోయి, యువత మత్తుమందులకు, విచ్చలవిడితనానికి లోబడిపోయిందని చెబుతుంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ అది సగం కథ మాత్రమే. మనుష్యులలో ఒక భాగాన్ని పూర్తి మనుష్యులుగా ఆ దేశపు చట్టం ఒప్పుకున్నది కూడా అదే దశాబ్దంలో. ఆ పోరాటం పుట్టింది చర్చిలలోనే. దాన్ని అడ్డుకున్నవారిలో చాలామంది ఆదివారం తప్పకుండా ఆరాధనకు వెళ్లేవారే. రెండు వైపులా ఒకే బైబిలు ఉంది. ఈ రెండో సగం మన విశ్వాసులకు తెలియాలని మేము కోరుకుంటున్నాము. ఎందుకంటే అది అమెరికాకు మాత్రమే సంబంధించిన చరిత్ర కాదు.

అప్పటి పరిస్థితి

అమెరికాలో బానిసత్వం 1865లో చట్టరీత్యా రద్దయింది. అయితే దక్షిణాది రాష్ట్రాలు ఆ తరువాత వేరే చట్టాలు చేసుకున్నాయి. నల్లజాతివారికి వేరే బడి, వేరే మంచినీటి కుళాయి, బస్సులో వెనక సీట్లు, ఆసుపత్రిలో వేరే గది, చివరికి వేరే శ్మశానం. ఓటు హక్కు కాగితం మీద ఉంది. కానీ ఓటు నమోదుకు వెళితే చదువు పరీక్ష పెట్టేవారు, కొన్నిచోట్ల పన్ను కట్టమనేవారు. అప్పటికీ పట్టుబడితే ఉద్యోగం పోయేది, ఇల్లు పోయేది, ఒక్కోసారి ప్రాణమే పోయేది.

ఊరికి దూరంగా ఉన్న పేటను, టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతిని చూసిన మన ప్రాంతపు పాఠకులకు ఇది విడమరచి చెప్పనవసరం లేదు. రంగు బదులు కులం అని చదువుకుంటే సరిపోతుంది.

ఆ పరిస్థితిలో నల్లజాతివారికి తమదంటూ మిగిలిన ఒకే చోటు వారి చర్చి. ఆ భవనం వారిది, పాస్టరుకు జీతమిచ్చేది వారే. కాబట్టి తెల్ల యజమాని అతన్ని ఉద్యోగంలోనుంచి తీసివేయలేడు. సభ పెట్టుకోవాలన్నా, చందా పోగుచేయాలన్నా, కేసు నడపాలన్నా చర్చిలోనే జరిగేది. 1955 డిసెంబరులో మాంట్‌గొమరీ పట్టణంలో మొదలైన బస్సు బహిష్కరణ 381 రోజులు నడిచింది. దాన్ని నడిపించింది 26 ఏళ్ల బాప్టిస్టు పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్.

నాగపూర్ మీదుగా వెళ్లిన దారి

ఈ ఉద్యమానికీ మన దేశానికీ ఉన్న సంబంధం మన సంఘాల్లో చాలామందికి తెలియదు. జేమ్స్ లాసన్ అనే నల్లజాతి మెథడిస్టు యువకుడు కొరియా యుద్ధానికి సైనికుడిగా వెళ్లడానికి ఒప్పుకోక జైలుకు వెళ్లాడు. విడుదలైన తరువాత మిషనరీగా మన నాగపూర్‌కు వచ్చి, హిస్లాప్ కళాశాలలో మూడేళ్లు పనిచేశాడు. గాంధీజీ సత్యాగ్రహ పద్ధతిని ఇక్కడే దగ్గరగా చదువుకున్నాడు. తిరిగి వెళ్లి నాష్‌విల్ పట్టణంలో వేదాంత విద్యార్థిగా చేరి, ఒక చర్చి కింది గదిలో విద్యార్థులకు తరఫీదు ఇచ్చాడు. ఆ తరఫీదు ఎలా ఉండేదంటే, కొందరు కుర్చీల్లో కూర్చుంటారు, మిగిలినవారు వారిని తిడతారు, నెడతారు, సిగరెట్టు పొగ ముఖాన ఊదుతారు. కూర్చున్నవారు తిరిగి కొట్టకూడదు, తిట్టకూడదు. కొండమీది ప్రసంగం కంఠస్థం చేయడం వేరు, ముఖం మీద ఉమ్మి పడినప్పుడు దాన్ని పాటించడం వేరు. ఆ రెండోది సాధన చేస్తేనే వస్తుందని లాసన్‌కు తెలుసు.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే వడ్డించే బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. వారు లేవలేదు. రెండు వారాలు తిరగకముందే నాష్‌విల్‌లో లాసన్ తయారుచేసిన విద్యార్థులు అదే పని మొదలుపెట్టారు. కొట్టించుకున్నారు, జైలుకు వెళ్లారు. లాసన్‌ను విశ్వవిద్యాలయం బయటికి పంపింది. కానీ ఆ మే నెలలోనే నాష్‌విల్ నడిబొడ్డున ఉన్న దుకాణాలు నల్లవారికి వడ్డించడం మొదలుపెట్టాయి.

కింగ్ కూడా 1959లో భార్యతో కలిసి మన దేశానికి వచ్చి సుమారు నెల రోజులు తిరిగాడు. కేరళలో అంటరానివారిగా ఎంచబడిన కుటుంబాల పిల్లలు చదివే ఒక బడికి వెళ్లినప్పుడు, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడని పరిచయం చేశాడట. మొదట ఆ మాట తనకు నచ్చలేదని, తరువాత తన ప్రజల బ్రతుకు తలచుకుని అది నిజమేనని ఒప్పుకున్నానని 1965లో తన సొంత సంఘంలో చేసిన ప్రసంగంలో ఆయనే చెప్పాడు. మన కులవ్యవస్థను అద్దంగా పట్టుకుని ఆయన తన దేశాన్ని చూసుకున్నాడు. ఇప్పుడు ఆయన దేశాన్ని అద్దంగా పట్టుకుని మనల్ని మనం చూసుకోవడం న్యాయమే.

పేరున్నవారు మాత్రమే ఈ పని చేశారని అనుకోకూడదు. మిసిసిప్పీలో పత్తి చేలల్లో కూలికి బ్రతికిన ఫానీ లూ హేమర్ 20 మంది పిల్లల్లో చివరిది. నల్లవారికి ఓటు నమోదు చేసుకునే హక్కు ఉందని 1962లో, 44 ఏళ్ల వయస్సులో, తన ఊరి చర్చిలో జరిగిన సభలో ఆమె మొదటిసారి విన్నది. వెళ్లి నమోదుకు అడిగినందుకు అదే రోజు భూస్వామి ఆమెను తోటలోనుంచి వెళ్లగొట్టాడు. మరుసటి ఏడు ఒక జైలులో పడిన దెబ్బలకు ఆమె మూత్రపిండం జీవితాంతం బాగుకాలేదు. ఆమె వేదాంతం చదవలేదు. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులను విడిపించిన దేవుడు తన దేవుడేనని మాత్రం నమ్మింది, ఆ నమ్మికతో పాటలు పాడుతూ జనాన్ని నడిపించింది.

ఆదివారం పదకొండు గంటలు

వారమంతటిలో అమెరికన్లు అత్యధికంగా విడిపోయి ఉండే గంట ఆదివారం ఉదయం పదకొండు గంటలని కింగ్ పలుమార్లు బాధపడ్డాడు. అది ఆరాధన వేళ. ఈ మాట ఎంత నిజమో కొన్ని సంగతులు చూస్తే తెలుస్తుంది.

1963 జూన్‌లో మిసిసిప్పీ రాజధాని జాక్సన్‌లోని గ్యాలవే మెథడిస్టు చర్చికి కొందరు నల్లజాతివారు ఆరాధనకు వచ్చారు. ద్వారం దగ్గరే వారిని ఆపి పంపేశారు. చాలా ఏళ్లుగా అక్కడ కాపరిగా ఉన్న డబ్ల్యు. బి. సీలా ఆ రోజే పుల్పిట్ మీదనుంచి తన మనస్సాక్షి దీన్ని ఒప్పుకోదని చెప్పి రాజీనామా చేశాడు. మరుసటి ఏడు, 1964 ఈస్టరు రోజున, అదే చర్చికి ఇద్దరు మెథడిస్టు బిషప్పులు కలిసి వెళ్లారు. ఒకరు నల్లజాతివాడైన చార్లెస్ గోల్డెన్. రెండోవాడు తెల్లజాతివాడైన జేమ్స్ మాథ్యూస్. ఈ మాథ్యూస్ మన దేశంలో మిషనరీగా పనిచేసినవాడు, భారత క్రైస్తవులకు బాగా తెలిసిన స్టాన్లీ జోన్స్ గారి అల్లుడు. తమ సొంత డినామినేషన్ బిషప్పులనే, క్రీస్తు తిరిగి లేచిన దినాన, లోపలికి రానివ్వలేదు.

అదే దశాబ్దపు అత్యంత దుఃఖకరమైన ఆదివారం 1963 సెప్టెంబరు 15. బర్మింగ్‌హామ్ పట్టణంలోని 16వ వీధి బాప్టిస్టు చర్చిలో సండే స్కూలు జరుగుతుండగా బాంబు పేలింది. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి 14 ఏళ్లు, ఒకరికి 11. ఆ రోజు పాఠం క్షమించే ప్రేమను గురించినది. నేరస్థులలో మొదటివాడికి 1977లో శిక్ష పడింది, చివరివాడికి 2002లో.

బాంబు పెట్టినవారు కొద్దిమంది. వారిని ఖండించడం సులభం. మనం ఆలోచించవలసింది మౌనంగా ఉన్న మిగిలినవారి గురించి. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే రోజున కింగ్‌ను బర్మింగ్‌హామ్‌లో అరెస్టు చేసినప్పుడు, ఆ రాష్ట్రంలోని ఎనిమిదిమంది తెల్లజాతి మతపెద్దలు పత్రికలో ఒక ప్రకటన ఇచ్చారు. ఏడుగురు క్రైస్తవులు, ఒక యూదు రబ్బీ. వారు దుర్మార్గులు కారు. కొద్ది నెలల ముందు హింసను రెచ్చగొట్టేవారిని వారే మందలించారు. వారు అన్నదల్లా ఇది సమయం కాదు, వీధుల్లో ఊరేగింపులు వద్దు, కోర్టులు చూసుకుంటాయి అని. దానికి జవాబుగానే కింగ్ జైలు గదిలో, చేతికి దొరికిన వార్తాపత్రిక అంచుల మీద, ప్రసిద్ధమైన తన ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. ద్వేషించేవారి కంటే ఆగమని చెప్పే మంచివారే తనను ఎక్కువ నిరుత్సాహపరిచారని, శాంతి అంటే గొడవ లేకపోవడమేనని వారు అనుకుంటున్నారని అందులో వాపోయాడు.

మంచివారు ఎందుకు మౌనంగా ఉన్నారు?

చరిత్రను చూస్తే మూడు కారణాలు కనబడతాయి.

మొదటిది, సంఘం చీలిపోతుందనే భయం. సంఘ ఐక్యత మంచిదే. కానీ ఒకరిని బయట నిలబెట్టి లోపలివారు కాపాడుకునేది ఐక్యత కాదు.

రెండోది, సువార్త వేరు, సమాజం వేరు అనే బోధ. ఆత్మలను రక్షించడమే చర్చి పని, మిగిలినది రాజకీయమని చాలామంది పాస్టర్లు నిజంగానే నమ్మారు. గాయపడి దారిన పడి ఉన్నవాణ్ణి చూచి పక్కగా వెళ్లిపోయిన యాజకునికీ లేవీయునికీ (లూకా 10) బహుశా ఇలాంటి కారణమే ఉండి ఉంటుంది.

మూడోది, నష్టభయం. ఇది ఉత్త భయం కాదు. 1963 జనవరిలో మిసిసిప్పీలో 28 మంది తెల్ల మెథడిస్టు పాస్టర్లు జాతి భేదం క్రీస్తు బోధకు విరుద్ధమని సంతకాలు చేసి ప్రకటించారు. కొద్దికాలంలోనే వారిలో చాలామంది ఆ రాష్ట్రం విడిచి వెళ్లవలసి వచ్చింది. వాక్యం ప్రకారం మాట్లాడిన కాపరి వెనుక సంఘం నిలబడకపోతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

చట్టం మారింది, వెల చెల్లించినవారు ఉన్నారు

1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటళ్లు, దుకాణాలు, ఉద్యోగాల్లో జాతి భేదం చూపడం నేరమయింది. 1965 మార్చి 7న, అది కూడా ఆదివారమే, సెల్మా పట్టణపు వంతెన మీద ఓటు హక్కు కోసం నడుస్తున్న సుమారు 600 మందిని పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చెదరగొట్టారు. ఆ దృశ్యం ఆ రాత్రే టెలివిజన్‌లో దేశమంతా చూసింది. కింగ్ పిలుపు విని పాస్టర్లు, ఫాదర్లు, కన్యస్త్రీలు, రబ్బీలు వందలకొద్దీ సెల్మా చేరారు. వారిలో బోస్టన్ నుంచి వచ్చిన జేమ్స్ రీబ్ అనే కాపరిని కొట్టి చంపారు. అదే ఏడు ఆగస్టులో జోనతాన్ డేనియల్స్ అనే ఎపిస్కోపల్ సెమినరీ విద్యార్థి, తుపాకి గురిపెట్టబడిన ఒక నల్లజాతి అమ్మాయిని పక్కకు నెట్టి తాను గుండుకు ఎదురు నిలిచి చనిపోయాడు. అతనికి 26 ఏళ్లు.

1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. అంతకుముందు మిసిసిప్పీలో ఓటరుగా నమోదయిన నల్లజాతివారు నూటికి ఏడుగురు కూడా లేరు. 1967 నాటికి నూటికి సుమారు 60 మంది అయ్యారు.

కానీ దశాబ్దం అక్కడితో సంతోషంగా ముగియలేదు. వియత్నాం యుద్ధం ఇళ్లను రెండుగా చీల్చింది. 1968 ఏప్రిల్ 4న కింగ్ హత్యకు గురయ్యాడు. వందకు పైగా పట్టణాలు తగలబడ్డాయి. అదే నెలలో ఏర్పడిన యునైటెడ్ మెథడిస్టు చర్చి, నల్లజాతి సంఘాలను 1939 నుంచి విడిగా ఉంచిన తన విభాగాన్ని రద్దుచేసుకుంది. దక్షిణాది బాప్టిస్టు సమాఖ్య బానిసత్వాన్ని, జాతి వివక్షను సమర్థించినందుకు క్షమాపణ అడగడానికి 1995 దాకా ఆగింది. ఆ సమాఖ్య పుట్టి అప్పటికి 150 ఏళ్లు.

బడిలో ప్రార్థన, బయట నిలిచిన యువత

ఇప్పుడు మన ప్రసంగాల్లో వినబడే మొదటి సగానికి వద్దాము. 1962, 1963లలో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పులు బడిలో పిల్లవాడు ప్రార్థన చేయకూడదని చెప్పలేదు. మొదటి కేసులో న్యూయార్కు రాష్ట్ర అధికారులు తామే ఒక ప్రార్థన రాసి బడుల్లో చదివించారు. ప్రభుత్వం ప్రార్థన రాసి చదివించకూడదని కోర్టు చెప్పింది. మరుసటి ఏడు ప్రభుత్వ బడుల్లో అధికారికంగా జరిపే బైబిలు పఠనానికీ అదే సూత్రం వర్తింపజేసింది.

దీన్ని విని మనం నొచ్చుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. మన దేశంలో ప్రభుత్వమే బడిపిల్లలకు ప్రార్థన నిర్ణయిస్తే అది ఎవరి ప్రార్థన అవుతుంది? మన రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రభుత్వ ధనంతో నడిచే బడుల్లో మతబోధ ఉండకూడదని, ఎవరినీ బలవంతంగా ఆరాధనలో పాల్గొననివ్వకూడదని చెబుతుంది. ఇక్కడ మన పిల్లలకు గొడుగు పట్టే సూత్రమే అక్కడ ఆ కోర్టు చెప్పింది. తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు కోరుకునే న్యాయాన్ని ఎక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు కాదనకూడదు.

యువత సంగతి కూడా ఒక్క మాటలో తేలదు. గర్భనిరోధక మాత్ర 1960లో అమ్మకానికి అనుమతి పొందింది, కుటుంబ జీవితం మారింది. మత్తుమందులు వేలమందిని పాడుచేశాయి. అయితే ఆ యువతలో చాలామంది తల్లిదండ్రుల చర్చిని కాదనడానికి ఒక కారణం, ఆ చర్చి మాటకూ చేతకూ పొంతన లేకపోవడం. దశాబ్దం చివర కాలిఫోర్నియాలో వారిలో కొందరు క్రీస్తు వైపు తిరిగారు. పొడుగు జుట్టుతో, మాసిన బట్టలతో, వట్టి కాళ్లతో వచ్చినవారిని చక్ స్మిత్ అనే పాస్టరు తన సంఘంలోకి చేర్చుకున్నాడు. కొత్త తివాచీ పాడవుతుందని పెద్దలు అభ్యంతరపెడితే, తివాచీయే తీసేద్దామన్నాడని చెబుతారు. నేడు మన యువజన కూటాల్లో గిటారుతో పాడే ఆరాధన పద్ధతికి మూలాల్లో ఒకటి అక్కడుంది. ఒకే దేశంలో, ఒకే దశాబ్దంలో ఒక చర్చి ద్వారం మూసింది, మరొకటి తివాచీ తీసింది.

మన పిల్లల వీసాకు వెనక

ఇంకొక సంబంధం మన ఇళ్లకు మరీ దగ్గరిది. 1924 నుంచి అమెరికా ఆసియావారి వలసను దాదాపుగా మూసివేసింది. 1946లో భారతీయులకు ఏడాదికి 100 మందికి మాత్రమే చోటిచ్చింది. జాతిని, పుట్టిన దేశాన్ని బట్టి వాటాలు వేసే ఆ పద్ధతి 1965 అక్టోబరు 3న సంతకమయిన వలస చట్టంతో పోయింది. పౌరహక్కుల పోరాటం దేశపు మనస్సాక్షిని కదిలించిన ఆ రెండేళ్లలోనే ఇదీ వచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు, నర్సులు వెళ్లింది ఆ దారినే. డాలస్‌లో, న్యూజెర్సీలో నేడున్న తెలుగు సంఘాలు ఆ తలుపు తెరుచుకున్నందువల్ల వెలసినవే.

కాబట్టి సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్నవారికి మనమూ ఋణపడి ఉన్నాము. ఆ ఋణం మరచి, ఇక్కడి కులాన్ని సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లి అక్కడ కూడా పరచుకోవడం ఎంత విచారకరం! 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసుకుంది. అమెరికా నగరాల్లో అదే మొదటిది. ఆ అవసరం తెచ్చింది మన దేశంవారే.

మన ద్వారం సంగతి

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా ఇచ్చారు. మనకూ ఇవ్వాలని దశాబ్దాలుగా అడుగుతున్నాము, అడగడం న్యాయమే. మతం మారినంత మాత్రాన కులబాధ పోదన్నది మన వాదన. అయితే ప్రభుత్వం ముందు కులం మనల్ని వెంటాడుతోందని చెప్పే మనం, మన సంఘంలో కులం ఊసే లేదని ఎలా చెప్పగలం? రెండూ ఒకేసారి నిజం కాలేవు. వేరుగా కూర్చోబెట్టడం చాలాచోట్ల పోయి ఉండవచ్చు. కానీ పెళ్లి సంబంధాల ప్రకటనల్లో క్రైస్తవులమని రాసి పక్కనే కులం రాయడం పోలేదు. సంఘ ఎన్నికల్లో ఎవరివాళ్లను వాళ్లు లెక్కపెట్టుకోవడం పోలేదు. కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా గీతలున్నాయి.

యాకోబు పత్రిక రెండవ అధ్యాయంలో అపొస్తలుడు మందలించింది కూర్చునే చోటును గురించే. మంచి బట్టలవాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్ల దగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని ఆయన అన్యాయపు తీర్పరి అన్నాడు. అది ఆరాధనకు సంబంధించని చిన్న లోపమని ఆయన అనుకోలేదు.

అందుకే సంఘ పెద్దలకు, కాపరులకు మా మనవి. వచ్చే ప్రభు భోజనానికి ముందు మూడు సంగతులు పరీక్షించుకోండి. మన కమిటీలో ఏ పేటవారు ఇంతవరకు ఒక్కసారి కూడా లేరు? మన సంఘంలో కులం దాటి పెళ్లి చేసుకున్న దంపతులు తలెత్తుకుని కూర్చోగలుగుతున్నారా? ఈ సంగతి మీద వాక్యం చెప్పిన కాపరి వెనుక మనం నిలబడతామా, బదిలీ కోసం సంతకాలు పోగుచేస్తామా? జవాబులు రాసిపెట్టుకుని, పెద్దల కూటంలో బిగ్గరగా చదవండి.

జాక్సన్‌లో ఆ ఈస్టరు రోజున ద్వారం దగ్గర నిలబడి బిషప్పులను ఆపినవారు తమ చర్చిని కాపాడుకుంటున్నామనే అనుకున్నారు. మధ్యగోడను తన శరీరంతో పడగొట్టిన ప్రభువు (ఎఫెసీ 2) ఏ పక్క నిలిచి ఉన్నాడో వారికి కనబడలేదు. అది చూడగల కన్నులు ఆయన మన సంఘాలకు దయచేయును గాక.